రియో డి జనీరో నగరము

దక్షిణ అమెరికా ఖండమునందలి దేశములలో బ్రెజిల్ అన్నిటికంటె పెద్దది. ఆ దేశపు ఆగ్నేయ తీరమున, అట్లాంటిక్ మహాసముద్రపు ఒడ్డున, రియో డి జనీరో నగరము కలదు. ఎత్తైన కొండలు, దట్టమైన అడవి, విశాలమైన ఇసుక తీరము, ఈ మూడును ఒక మహానగరపు ఎల్లలలోనే ఉండుట అరుదైన విషయము. అందుచేత నానాదేశముల యాత్రికులు ఈ నగరమును చూడ వచ్చుచుందురు. భూమధ్యరేఖకు దక్షిణమున ఉండుటచే అచ్చట ఋతువులు మనకు విరుద్ధముగ వచ్చును. మనకు చలికాలమైన డిసెంబరు, జనవరి నెలలు వారికి వేసవి.

ఈ దేశచరిత్రకును భారతదేశమునకును ఒక సంబంధము కలదు. 1500 సంవత్సరమున కబ్రాల్ అను పోర్చుగీసు నావికుడు ఓడలతో మన దేశమునకు బయలుదేరి, త్రోవలో బ్రెజిల్ తీరమును చేరెను. అచ్చట కొన్ని దినములు నిలిచి, పిదప కళ్ళికోట రేవునకు వచ్చెను. 1502 జనవరి నెలలో మఱికొందఱు పోర్చుగీసు నావికులు ఆ తీరమున ఒక అఖాతమును కనుగొనిరి. దానికి వారు పెట్టిన పేరే రియో డి జనీరో. ఆ మాటలకు ‘జనవరి నది’ అని అర్థము. 1565లో అచ్చట నగరము స్థాపింపబడెను. 1763 మొదలు 1960 వఱకు అదియే బ్రెజిల్ రాజధాని.

నగరమునకు వచ్చువారు మొదట చూడగోరునది కోర్కోవాడో శిఖరము. ఆ పేరునకు గూని కొండ అని అర్థము. 700 మీటర్లకు పైగా ఎత్తైన ఆ శిఖరముపై చేతులు చాచి నిలిచిన క్రీస్తు విగ్రహము కలదు. 1931లో ఆవిష్కరింపబడిన ఈ విగ్రహపు ఎత్తు 30 మీటర్లు. దాని క్రిందనున్న పీఠము ఎత్తు 8 మీటర్లు. చాచిన చేతుల కొన నుండి కొనకు 28 మీటర్లు. లోపలి భాగము ఇనుప కమ్ములు పెట్టి పోసిన కాంక్రీటు. పైభాగమున బలపపురాతి ముక్కలను పొదిగిరి. అది మెత్తని రాయియే అయినను ఎండవానలకు త్వరగా చెడదు. ఆ ముక్కలను స్త్రీలు గుడ్డపై అతికించి సిద్ధపఱచిరి. వారిలో కొందఱు ముక్కల వెనుక తమ ఆప్తుల పేర్లు వ్రాసిరని చెప్పుదురు. శిఖరము ఎత్తైనది గనుక విగ్రహముపై తఱచుగ పిడుగులు పడును. 2014లో పిడుగుపాటున కుడిచేతి బొటనవ్రేలి కొన విఱిగినది. తరువాత దానిని బాగుచేసిరి.

ఈ కొండను చుట్టి తిజూకా అను అడవి కలదు. అది పూర్వకాలపు అడవి కాదు. చాలవఱకు మనుష్యులు నాటినది. పందొమ్మిదవ శతాబ్దమున కాఫీ తోటలకై కొండలపై చెట్లు నఱికివేసిరి. దానిచే సెలయేళ్ళు ఎండి నగరమునకు నీటి కఱవు ఏర్పడెను. అప్పుడు బ్రెజిల్ చక్రవర్తి రెండవ పేద్రో 1861లో అడవిని మఱల పెంప నాజ్ఞాపించెను. ఆర్చర్ అను అధికారి ఆ పనికి పూనుకొనెను. మొదట మొక్కలు నాటిన చేతులు ఆఱుగురు బానిసలవి. నేడు యాత్రికులు చల్లని నీడలో నడచుచున్నారన్న అది వారి శ్రమఫలము.

అఖాతపు ముఖద్వారమున 396 మీటర్ల ఎత్తున నున్న మఱియొక కొండ పేరు చక్కెర దిమ్మ. పూర్వము చక్కెరను శంకువు ఆకారమున అచ్చుపోసి ఓడలలో పంపుచుండిరి. కొండయు ఆ రూపముననే ఉండును. 1913 మొదలుకొని ఉక్కు తీగలపై నడచు బండి జనులను ఆ కొండకు చేర్చుచున్నది.

అచ్చటినుండి చూడగా కోపకబానా తీరము నెలవంకవలె కనబడును. దాని పొడవు సుమారు 4 కిలోమీటర్లు. ఒడ్డునగల నడకబాటపై నల్లని, తెల్లని రాళ్ళను అలల రూపమున పఱచిరి. సముద్రతీరము అందఱిది; ప్రవేశమునకు రుసుము లేదు. ధనికుల పిల్లలును బీదల పిల్లలును ఒకే ఇసుకలో బంతి ఆడుదురు. సంవత్సరాది నాటి రాత్రి లక్షలకొలది జనులు తెల్లని వస్త్రములు ధరించి వచ్చెదరు. ఆఫ్రికా నుండి వచ్చిన సంప్రదాయము ననుసరించి కొందఱు యెమాంజా అను సముద్రదేవతకు పూలు సమర్పింతురు.

నగరమున మ్యూజియములును పెక్కు కలవు. వానిలో జాతీయ మ్యూజియము 1818లో స్థాపింపబడెను. పూర్వము రాజకుటుంబము నివసించిన భవనములో సుమారు 2 కోట్ల వస్తువులు చేర్చిరి. 2018 సెప్టెంబరు 2వ తేదీ రాత్రి అచ్చట అగ్ని పుట్టెను. దగ్గఱనున్న గొట్టములలో తగినంత నీరు లేకపోయెను. తెల్లవారునప్పటికి రెండువందల ఏండ్ల సేకరణలో అధికభాగము బూడిద అయ్యెను. నేడు ఎవ్వరును మాటలాడని ఆదిమజాతుల భాషల ధ్వనిముద్రణలు కూడ అందు నశించినవి. 5 టన్నులకు పైగా బరువుగల ఉల్క మాత్రము చెక్కుచెదరక నిలిచెను. ‘లూజియా’ అని పేరిడిన అతి ప్రాచీన స్త్రీ కపాలపు ముక్కలను పరిశోధకులు బూడిదలో వెదకి చాలవఱకు కనుగొనిరి. పిదప భవనమును పునర్నిర్మింప పూనుకొనిరి.

అగ్ని వలన జ్ఞాపకములు నశించినట్లే మఱపు వలనను నశించును. అడవిని నాటిన ఆ బానిసల జాతివారు ఈ దేశమునకు ఎట్లు వచ్చిరో తెలుపునది వలోంగో రేవు. 1811లో కట్టిన ఆ రేవున సుమారు 9 లక్షలమంది ఆఫ్రికా జనులను ఓడలనుండి దింపిరి. 1843లో చక్రవర్తి వధువు రాకకై ఆ రాళ్ళపైననే అందమైన క్రొత్త రేవు కట్టిరి. 1911లో దానిని కూడ పూడ్చిరి. వంద సంవత్సరములకు, 2011లో, నగరమును బాగుచేయుటకై త్రవ్వగా పాత రాతినేల బయటపడెను. బానిసల పూసలును తాయెత్తులును మట్టిలో దొరకినవి. అంతకుముందే, 1996లో, సమీపమున ఒక కుటుంబమువారు తమ ఇంటిని బాగుచేయించుచుండగా మనుష్యుల ఎముకలు కనబడెను. అది ఓడ దిగిన కొలది దినములకే మరణించినవారిని పాతిపెట్టిన చోటు. ఆ కుటుంబమువారు దానిని కప్పివేయక స్మారకస్థలముగ ఏర్పఱచిరి. 1888లో గాని బ్రెజిల్ బానిసత్వమును రద్దు చేయలేదు. 2017లో యునెస్కో వలోంగో రేవును ప్రపంచ వారసత్వ స్థలముగ గుర్తించెను.

ఆ రేవున ఎత్తైన విగ్రహము లేదు. చల్లని గాలియు లేదు. నేలమట్టమునకు దిగువన అరిగిన రాళ్ళు మాత్రమే ఉన్నవి. కాని ఆ రాళ్ళను చూచిన యాత్రికునకు కొండపై అడవియు, చక్కెర దిమ్మ అను పేరును, తీరమున తేలియాడు పూలును మఱియొక అర్థముతో కనబడును. సుందరములైన వానిని జనులు తామే వెదకికొని వత్తురు. దుఃఖమును తెలుపు వానిని మాత్రము పూనికతో కాపాడవలెను. అట్లు కాపాడిన నగరమే తన చరిత్రను సంపూర్ణముగ తన బిడ్డలకు చెప్పగలదు.