ఉభయకుశలోపరి

ఉత్తరం మొదట ‘ఉభయకుశలోపరి’ అని వ్రాసే ఆచారం మన పెద్దలకు ఉండేది. ఇక్కడ మేము క్షేమం, అక్కడ మీరు క్షేమమని తలుస్తాము, ఇక అసలు సంగతి వినండి అని దాని భావం. ఆ మాట ఇప్పుడు ఎవరూ వ్రాయరు. ఆ అలవాటు మాత్రం పోలేదు. ఏడాదిపాటు విదేశంలో సైనికోద్యోగం చేసి తిరిగివచ్చినవారి ఇంట అది ఎంతపని చేసినదో ఈ మధ్య హూడిలో చూచినాము.

హూడి ఒకప్పుడు బెంగుళూరుకు తూర్పున ఒక పల్లె. ఇప్పుడు రైలు స్టేషను ఉన్నది, మెట్రో స్టేషను ఉన్నది, కంప్యూటరు కంపెనీల పని మీద వచ్చిన తెలుగువారు ఏ వీథిలో చూచినా ఉన్నారు. ఆ సందడిలో ఒక సిపాయి కాపురం ఉన్నదని ఎవరికి తోస్తుంది? ఆ ఇల్లాలి తమ్ముడు మాకు పరిచయస్థుడు. బావ విదేశం వెళ్ళగానే అక్కగారిని, ఆమె అత్తమామలను, పాపను గిద్దలూరు వైపు పల్లెనుండి తెచ్చి తన ఇంటి క్రింది భాగంలో ఉంచినాడు. పేర్లు వ్రాయవద్దని వారు కోరినారు గనుక వ్రాయము.

ఆయన మద్రాసు సాపర్ల దళంలో హవల్దారు. 1780 లో పుట్టిన ఆ దళానికి కేంద్రం ఈ ఊళ్ళోనే, హలసూరు చెరువు దగ్గర. దక్షిణాది భాషలన్నీ అందులో వినబడతాయి కాని సైన్యమంతా వారిని ‘తంబి’ అనే పిలుస్తుంది. మన గిద్దలూరు బిడ్డ కూడా అక్కడ తంబియే!

వెళ్ళినది దక్షిణ సూడానుకు, ఐక్యరాజ్యసమితి శాంతిదళంలో. 2011 జులై 9 న స్వతంత్రమైన ఆ దేశంలో రెండున్నరేళ్ళు తిరగకుండానే అంతర్యుద్ధం పుట్టినది. ఆ 2013 లోనే ఏప్రిలులో అయిదుగురు, డిసెంబరులో ఇద్దరు మన సైనికులు అక్కడ ప్రాణాలు విడిచినారు. మన హవల్దారు ఉన్నది తెల్లనైలు ఒడ్డున మలకాల్ అనే ఊళ్ళో. అక్కడ ఇంజనీర్ల పని రోడ్లు వేయడం, బాగుచేయడం. నేల నల్లరేగడి. మే నెల మొదలు అక్టోబరు దాకా వానలు. “మన కర్నూలు దిక్కు నేలే అనుకోండి సార్. ఎండకు కాలు దిగేంత నెర్రెలు విచ్చుతాది. వాన పడితే లారీ ఇరుసుదాకా కూరుకపోతాది” అని మాతో చెప్పినాడు. నిన్న వేసిన రోడ్డు నేడు కనబడదట. మన సైన్యపు పశువైద్యులు కూడా అక్కడ ఉన్నారు. డింకా, నుయేర్, షిల్లుక్ జాతులవారికి గొడ్డే సంపద. వారి ఆవులకు మనవారు మందులిస్తారని విన్నప్పుడు హవల్దారుగారి తండ్రి ముఖం వికసించినది. సేద్యగాడికి తుపాకి సంగతికంటె ఆవు సంగతి ఎక్కువ ఇంపు కదా!

మనకు రాత్రి ఎనిమిదిన్నర అయితే మలకాల్‌లో సాయంత్రం అయిదు. పని ముగించుకొని ఆ వేళకు ఆయన ఫోను చేసేవాడు. బాగున్నారా అంటే బాగున్నాము, నీవు బాగున్నావా అంటే బాగున్నాను. ఏడాదంతా ఇదే మాట.

ఆగస్టులో ఒక రాత్రి రెండు గంటలకు పెద్దాయనకు గుండెనొప్పి వచ్చినది. తమ్ముడు ఊళ్ళో లేడు. ఆ అమ్మాయి ఆటో పిలిచి, మామగారిని ఆసుపత్రిలో చేర్చి, తెల్లవారేసరికి చేతిగాజులు తాకట్టు పెట్టి డబ్బు కట్టినది. గుండె రక్తనాళంలో స్టెంటు వేసినారు. ఎనిమిదిరోజులు ఆసుపత్రిలో ఉన్నారు. ఆ ఎనిమిదిరోజులూ ఫోను మ్రోగింది, ఎనిమిదిరోజులూ జవాబు చెప్పినారు. పెద్దాయన ఉతికిన చొక్కా తొడుక్కొని, వెనుక మంచం, సీసాలు కనబడకుండా ఫోను ముఖానికి దగ్గరగా పెట్టుకొని, “బాగుండాను నాయనా, వానలు పడుతుండాయా?” అని అడిగేవాడు.

ఇటువంటి ఆపద వస్తే పటాలానికి కబురు చేసే దారి లేకపోలేదు. పై అధికారులు విచారించి సెలవు ఇప్పించవచ్చును. ఆ సంగతి ఆమెకు తెలుసు. కాని మామగారు తన మీద ఒట్టు వేయించుకున్నారు.

ఈ దాపరికం మనకు కొత్తది కాదు. 1914 తరువాత ఫ్రాన్సులో పోరాడిన మన సిపాయిల ఉత్తరాలను సెన్సారు అధికారులు చదివిన పిమ్మటనే ఇళ్ళకు పంపేవారు. 1953 లో యుద్ధఖైదీల కాపలాకు మన సైన్యం కొరియా వెళ్ళినది. భారత సైనికులు తన నేల మీద అడుగు పెట్టరాదని దక్షిణ కొరియా అధ్యక్షుడు సింగ్‌మన్ రీ భీష్మించగా, ఇంచోన్ రేవునుండి వారిని హెలికాప్టర్లలో సరిహద్దు మండలానికి చేర్చినారు. అక్కడ తమ మకాముకు మనవారు ‘హింద్ నగర్’ అని పేరు పెట్టుకొన్నారు. తరువాత 1956 మొదలు 1967 వరకు గాజాలో మన పటాలాలు ఇంచుమించు ఏడాదికొకటిగా వంతులు తీర్చుకొన్నవి. ఆ రోజులలో జాబు చేరేసరికి జ్వరమైతే తగ్గి ఉండేది, చావైతే కర్మ కూడ ముగిసేది. దాచకపోయినా దూరమే దాచిపెట్టేది. ఇప్పుడు ముఖం చూచుకొంటూ మాట్లాడే సాధనం వచ్చినది గనుక దాచడానికి ఉతికిన చొక్కా కావలసివచ్చినది.

ఆయన వచ్చినది ఫిబ్రవరిలో. రెండురోజులు పండుగ. పాపకు తండ్రి దగ్గర చనువు కుదిరింది గాని, ఆయన ఏ మాటకు సరే అన్నా, “అమ్మనడిగి చెప్తా” అనేది. గ్యాసు బండ తెప్పించబోతే అంకెలు భార్య ఫోనుకు వచ్చినవి. కుళాయి వదలి గిన్నెలు కడుగుతున్నారని ఆయన కేక వేస్తే, టాంకరు నీళ్ళకు ఏడాదిగా తాము ఎంత కడుతున్నదీ అత్తగారు లెక్క చెప్పింది. ఇవన్నీ నవ్వుతోనే గడిచినవి.

మూడవరోజు తెల్లవారుజామున, సిపాయి అలవాటున నాలుగున్నరకే లేచి, ఎవరినీ లేపకుండా టీ పెట్టుకోబోయినాడు. చక్కెర కోసం వెదుకుతుంటే బియ్యం డబ్బా వెనుక ఆసుపత్రి కాగితాల కట్ట, దానిలో గాజుల తాకట్టు రసీదు చేతికి వచ్చినవి.

ఆ రోజు ఆయన మేడ మీదనుండి దిగలేదు, అన్నం ముట్టలేదు. సాయంత్రం భార్య పైకి వెళ్ళగా ఒక్కటే మాట అన్నాడట. “మా నాయన చావుబతుకుల్లో ఉంటే, నేను ఆయనతో వానల ముచ్చట చెప్పుకుంటి. నన్ను పరాయివాణ్ణి చేస్తిరి.” ఆమె వాదించలేదు. “సరే, నాదే తప్పు. మరి మీ బెల్టుకు రెండు కొత్త బెజ్జాలు ఎట్లా పడ్డాయి?” అని అడిగింది.

ఆయన చాలాసేపు పలుకలేదు. మలేరియా రెండుసార్లు వచ్చినదట. రెండవసారి పదకొండురోజులు మంచం పట్టినాడు. ఆ పదకొండురోజులు టవరు చెడిపోయినదని ఇంటికి అబద్ధం చెప్పించినాడు.

ఈ కథ మాకు చెప్పినది ఆ ఇల్లాలే, భర్త ఎదుటనే. ఎవరిది తప్పని మమ్ము అడిగినారు. నల్లరేగడిలో నిలువునా దిగబడిన మనిషికి ఇంటి కబురు చెప్పి నిద్ర చెరపడం న్యాయమా? కన్నతండ్రి ఆపద కొడుకుకు తెలియకుండా ఉంచడం న్యాయమా? మేము ఎటూ తేల్చలేకపోయినాము. పెద్దాయన మాత్రం, “తప్పు నాది. ఒట్టు వేయించుకున్నది నేను. కోడలిని అనొద్దు” అని గట్టిగా చెప్పినాడు. ఆ మాట చెప్పడానికే నాలుగురోజులు పట్టిందని అత్తగారు మాతో రహస్యంగా అన్నది.

సెలవు చివరి వారంలో హవల్దారుగారు గాజులు విడిపించినాడు. ఆసుపత్రి కాగితాలు తానే వరుసగా కుట్టి, బీరువాలో పై అరలో పెట్టినాడు. ఏ మాత్ర ఎప్పుడు వేయవలెనో పెద్ద అక్షరాలతో వ్రాసి గోడకు అంటించినాడు. ఇకమీదట ఫోనులో బాగున్నామనే మాట చివర చెప్పుకోవలెనని, ముందుగా ఆ రోజు కష్టమేదో చెప్పుకోవలెనని మొగుడూ పెళ్ళాం ఒప్పందం చేసుకొన్నారు. పెద్దాయన ఆ ఒప్పందంలో చేరలేదు. నవ్వి ఊరుకొన్నాడు.

వెళ్ళేరోజున కొడుకును మెట్రో ఎక్కించి వస్తానని పెద్దాయన పట్టుబట్టినాడు. హూడిలో ఎక్కితే అదే బండి పెద్ద రైలుస్టేషను దాకా పోతుంది, దారిలో ఎనిమిదవ స్టేషను హలసూరు. రైలు హలసూరు దాటుతుండగా హవల్దారుగారి ఫోను మ్రోగినది. తండ్రి.

“నాయనా, ఆ స్టేషను మెట్లు ఎక్కితే కొంచెం ఆయాసం వచ్చిందిరా. అప్పుడు చెప్పలేదు. ఇప్పుడు చెప్తుండా.”