పచ్చ చుక్కల గోళంలో సిక్కోలు గొంతు

రేడియో గార్డెన్ అనే యాప్‌ను ఫోన్లో తెరవగానే భూగోళం కనిపిస్తుంది. దాని నిండా పచ్చ చుక్కలు. ఒక్కో చుక్క ఒక్కో ఊరు. వేలితో గోళాన్ని తిప్పుతూ ఒక చుక్కను నడిమధ్యనున్న గుండ్రటి గీతలోకి తెస్తే, పాత ట్రాన్సిస్టరు ముల్లు తిప్పినప్పటి గరగర ఒక్క క్షణం వినిపిస్తుంది. ఆ వెంటనే ఆ ఊళ్లో ఆ నిమిషాన మాట్లాడుతున్న మనిషి గొంతు మొదలవుతుంది. నెదర్లాండ్స్‌లో తయారై 2016లో ముందు వెబ్‌సైటుగా జనంలోకి వచ్చింది ఇది. ట్యూన్‌ఇన్ లాంటివి ఇంకా ఉన్నాయి. మన ప్రసార భారతి సొంత యాప్ న్యూస్‌ఆన్‌ఎయిర్‌లో ఆకాశవాణి ప్రసారాలే రెండు వందలకు పైగా దొరుకుతాయి. టెక్కలిలో కూర్చుని టోక్యో వినొచ్చు, బొబ్బిలిలో కూర్చుని బ్రెజిల్ వినొచ్చు. ఇదిప్పుడు ఎవరికీ వింత కాదు. అయితే ప్రపంచమంతా మన గుప్పిట్లోకి వచ్చిందని చెప్పుకునే మాటలో నిజం సగమేనని నా వాదన. శ్రీకాకుళం, విజయనగరం (ఇక్కడి జనం నోట సిక్కోలు, ఇజీనగరం) జిల్లాల వరకు చూస్తే ఈ వసతి అసలు విలువ దూరదేశాల పాటలు వినడంలో లేదు, ఇక్కడి మాట దూరదేశాలకు పంపగలగడంలో ఉంది. ఆ రెండో పని మనం ఇంకా సరిగ్గా మొదలుపెట్టలేదు.

ఈ నేలకు రేడియో అంటే మొదటి నుంచీ పక్క ఊరి గొంతే. 1938లో మద్రాసు కేంద్రం మొదలైంది, 1948లో విజయవాడ కేంద్రం వచ్చింది. విశాఖపట్నం కేంద్రం 1963 దాకా రాలేదు. ఆ మధ్య కాలంలోనూ, ఆ తర్వాత చాలా ఏళ్లూ తెలుగు సినిమా పాట కోసం జనం ముల్లు తిప్పింది రేడియో సిలోన్ వైపు. సముద్రం అవతలి నుంచి మీనాక్షి పొన్నుదురై చెప్పే తెలుగు మాటలు ఇళ్లలో మనిషి మాటల్లా వినిపించేవి. అంటే విదేశీ రేడియో వినడం ఈ ప్రాంతానికి ఇంటర్నెట్ నేర్పిన అలవాటు కాదు. షార్ట్‌వేవ్ తరంగాలు ఆకాశంలో పైపొరకు తగిలి వెనక్కి వచ్చి వేల మైళ్ల అవతల దిగేవి. పొద్దు మారినా, ఋతువు మారినా గొంతు మునిగి తేలేది. ఇంటర్నెట్ ఆ మునిగి తేలడాన్ని తీసేసింది. అంతకన్నా పెద్ద కొత్తదనం ఇంకొకటుంది, దాని సంగతి తర్వాత చెబుతాను. ఎవరు మాట్లాడతారు, ఎవరు వింటారు అన్న లెక్క మాత్రం నాటి నుంచి నేటి దాకా మారలేదు. సిక్కోలు విన్నది, ఇజీనగరం విన్నది. మాట్లాడింది వేరేవాళ్లు.

మరి ఈ ప్రాంతం మాట వినాలని చెవులు రిక్కించుకున్న జనం ఎక్కడున్నారు? వాళ్లు తరంగం అందని దూరాల్లో ఉన్నారు. ఉత్తరాంధ్ర పెద్దల నోట "రంగం" అంటే రంగూను. రంగం వెళ్లడమంటే బతుకుతెరువు కోసం ఓడెక్కడం. 1942లో జపాను సైన్యం బర్మాలోకి వచ్చినప్పుడు కాలినడకన అడవులు దాటి వచ్చినవాళ్లున్నారు. ఆ తర్వాత తిరిగి వచ్చినవాళ్ల గుర్తుగా విశాఖలో బర్మా క్యాంపు అనే పేట ఇప్పటికీ ఉంది. అంతకు ముందే, పందొమ్మిదో శతాబ్దంలో, నాటి విశాఖపట్నం, గంజాం జిల్లాల నుంచి కూలీలు చెరకు తోటల పనికి మారిషస్ వెళ్లారు. 1860లో మద్రాసు నుంచి బయలుదేరిన ట్రూరో ఓడతో డర్బన్ వైపు ప్రయాణాలు మొదలయ్యాయి. వాళ్ల మనవలు, మునిమనవలు తెలుగును మరిచిపోకూడదని పట్టుదలగా ఉన్నారు. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగింది మారిషస్‌లోనే. భారత సంతతి శ్రోతల కోసం 1983లో మొదలైన డర్బన్ లోటస్ ఎఫ్ఎంను ఈ రోజు పాలకొండలో కూర్చుని వినొచ్చు. డర్బన్‌లోని తెలుగు కుటుంబం పాలకొండ మాట వినాలంటే ఏ చుక్క మీద వేలు పెట్టాలి? ఇంత దూరం పోనక్కర్లేదు, ఇప్పటి సంగతే తీసుకోండి. మన తీరం నుంచి జాలర్లు గుజరాత్‌లోని వెరావల్ వెళ్లి మరబోట్ల మీద పనిచేస్తారు. అలా వెళ్లిన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల జాలర్లు కొందరు 2018 నవంబరులో పాకిస్తాన్‌కు పట్టుబడ్డారు. వాళ్లలో 20 మంది 2020 జనవరిలో వాఘా దాటి ఇంటికొచ్చారు. తీరం వెంబడి ఊళ్లకు వెరావల్ రేవు పక్క వీధంత దగ్గర, రేడియోకు మాత్రం అందనంత దూరం.

ఇంటర్నెట్ తెచ్చిన అసలు కొత్తదనం ఇక్కడుంది. ట్రాన్స్‌మిటర్‌కు హద్దు ఉంటుంది. ఎఫ్ఎం అయితే కొన్ని పదుల కిలోమీటర్లు, మీడియం వేవ్ అయితే ఇంకొంత దూరం. నెట్‌లో స్టూడియో మైకు నుంచి వచ్చిన శబ్దాన్ని కంప్యూటరు చిన్న చిన్న ముక్కలుగా కుదించి సర్వర్‌కు పంపుతుంది. అక్కడి నుంచి అడిగిన ప్రతి ఫోనుకూ విడిగా ఒక ప్రతి వెళ్తుంది. 1994 నవంబరులో అమెరికాలోని చాపెల్ హిల్ విద్యార్థుల స్టేషన్ డబ్ల్యుఎక్స్‌వైసి తన ప్రసారాన్ని ఇలా నెట్‌లోకి ఎక్కించింది. అది పెద్ద కంపెనీ కాదు, కాలేజీ పిల్లల స్టేషన్ అన్న సంగతి గుర్తుంచుకోవాలి. ఖర్చు లెక్క కూడా సులువే. సెకనుకు 64 కిలోబిట్ల ప్రసారం గంటసేపు వింటే ఖర్చయ్యేది సుమారు 29 ఎంబీ. రోజుకు ఒకటిన్నర జీబీ వచ్చే మామూలు ప్యాకులో అది యాభయ్యో వంతు. ఒక లోపం ఉంది: ఫోను కాస్త ముందుగా నింపుకుని వినిపిస్తుంది గనుక, గంట కొట్టే చప్పుడు కొన్ని సెకన్ల నుంచి అర నిమిషం దాకా ఆలస్యంగా వస్తుంది. రేడియో విని గడియారం సరిచేసుకునే పాత అలవాటు నెట్ రేడియోతో కుదరదు.

యూట్యూబ్ ఉండగా రేడియో ఎవరు వింటారని అడిగేవాళ్లకు పొందూరు చూపిస్తాను. అక్కడ ఖాదీకి పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారు. ఆ దవడ ఎముకకున్న సన్నటి పళ్ల మధ్య నుంచి పత్తి పోగు పోగుగా విడివడి, అందులో చిక్కుకున్న నలుసులు రాలిపోతాయి. చెయ్యి ఆగకూడదు, చూపు తప్పకూడదు. ఆ పని చేసే మనిషికి కళ్లు ఖాళీ లేవు, చెవులు మాత్రం ఖాళీ. పలాసలో జీడిపిక్కలు ఒలిచేవాళ్లదీ అదే తీరు. బొబ్బిలి పక్క గొల్లపల్లిలో ఒకే పనసదుంగను తొలిచి వీణ చేసేవాళ్లదీ అదే. వీడియో కళ్లను అడుగుతుంది. కళ్లను ఇస్తే పని ఆగిపోతుంది, పని ఆగితే ఆ రోజు కూలి తగ్గిపోతుంది. రేడియో చెవులను మాత్రమే అడుగుతుంది. పైగా ఏది చూడాలో వెతుక్కునే పనిని అది మనకు పెట్టదు. ఎవరో ఒకరు మన కోసం కూర్చుని ఎంచి వినిపిస్తున్నారన్న ధైర్యం ఉంటుంది. చేతిపనితో బతికే జిల్లాలకు రేడియో కాలం తీరిపోయిందనడం, ఆ పని ఎలా జరుగుతుందో దగ్గరగా చూడనివాళ్ల మాట.

ఇంకో అభ్యంతరం ఉంది, ఇది పైకి చెప్పరు గానీ లోపల బలంగా ఉంటుంది. మా యాస రేడియోకు పనికొస్తుందా అన్నది. "ఏటి", "బేగి రా", "గుంటడు" అనే మాటలు మైకు ముందు పలికితే నవ్వుతారన్న బెరుకు. ఈ బెరుకు వేరే జిల్లాలో ఉంటే అర్థముంది, ఇక్కడ ఉండటం మాత్రం న్యాయం కాదు. పుస్తకాల భాష జనం మాటకు దగ్గరగా రావాలని పోరాడిన గిడుగు రామమూర్తి 1863లో పుట్టింది శ్రీకాకుళం సీమలోని పర్వతాలపేటలో. తెలుగుతో ఆగకుండా సవర భాష నేర్చుకుని దానికి నిఘంటువు, వ్యాకరణం కట్టిన మనిషి ఆయన. నాటకంలో మనుషుల చేత వాళ్ల మాటలే మాట్లాడించిన గురజాడ కన్యాశుల్కం 1892లో మొదట ఆడింది విజయనగరంలో. వాడుక భాషకు అచ్చులో చోటు సంపాదించిపెట్టిన నేల తన వాడుక భాషను గాలిలోకి వదలడానికి సిగ్గుపడటం ఎందుకు? ప్రపంచ రేడియో వినడం వల్ల మనకు దొరికే మంచి పాఠం కూడా ఈ విషయంలోనే ఉంది. ఐర్లండ్‌లోని రేడియో నా గేల్తాఖ్తను వినండి. 1970లో కొనమారా ప్రాంతపు యువకులు అనుమతి లేకుండానే ఐరిష్ భాషలో చిన్న స్టేషన్ నడిపి గొడవ చేస్తే, 1972లో ప్రభుత్వమే ఈ స్టేషన్ పెట్టింది. ఐరిష్ బతికున్న మూడు ప్రాంతాల్లో మూడు స్టూడియోలు. ఎవరి యాసలో వాళ్లు వార్తలు చదువుతారు. ఒక యాసను ప్రమాణంగా పెట్టి మిగతావాటిని సరిదిద్దలేదు. ఐర్లండ్ దాకా ఎందుకు, నాటి మెదక్ జిల్లా జహీరాబాద్ దగ్గర మాచునూరులో 2008 అక్టోబరు 15న మొదలైన సంఘం రేడియోను నడిపింది దళిత మహిళా రైతులు. వాళ్లు మాట్లాడింది వాళ్ల పొలం మాటే. విత్తనాల గురించి, పంటల గురించి ఆ మాటలో చెప్పబట్టే చుట్టుపక్కల ఊళ్లు విన్నాయి.

అన్నిటికన్నా గట్టి అభ్యంతరం తుపానుది. దీనికి తల వంచాల్సిందే. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు అక్కడి ఉద్దానం ప్రాంతంలో కొబ్బరి, జీడి తోటలతో పాటు కరెంటు స్తంభాలూ నేలకొరిగాయి. కరెంటు పోతే సెల్ టవర్ ఎంతోసేపు నిలవదు, టవర్ పోతే నెట్ రేడియో మూగబోతుంది. మరో బలహీనత కూడా ఉంది. ట్రాన్స్‌మిటర్‌కు పదిమంది విన్నా పది లక్షల మంది విన్నా ఖర్చు ఒక్కటే, నెట్‌లో మాత్రం వినేవాళ్లు పెరిగిన కొద్దీ సర్వర్ మీద బరువు పెరుగుతుంది. సరిగ్గా అందరూ ఒకేసారి వినాల్సిన రాత్రే అది కుప్పకూలొచ్చు. రెండు సెల్లులతో నడిచే ట్రాన్సిస్టరుకు ఈ బాధ లేదు. అందుకని నెట్ రేడియో వచ్చింది గనుక ట్రాన్స్‌మిటర్లు తీసేయవచ్చని ఎవరైనా అంటే, తుపాను తీరం దాన్ని ఒప్పుకోకూడదు. ఆకాశవాణి విశాఖ కేంద్రం మీడియం వేవ్ ఈ ప్రాంతానికి ప్రాణరక్షణ సాధనం. దగ్గరివాళ్లకు తరంగం, దూరంవాళ్లకు నెట్, రెండూ ఉండాలి. ఒకదాని పేరు చెప్పి ఇంకోదాన్ని వదులుకోవడం తప్పు.

విశాఖ కేంద్రం ఉంది కదా, మళ్లీ వేరే గొంతు ఎందుకన్న ప్రశ్న మిగిలింది. విశాఖ కేంద్రం సేవ తక్కువది కాదు. అయితే ఒక మహానగరం నుంచి ఇచ్ఛాపురం దాకా, కొండల మీది సవర గూడేల దాకా ఒక్క స్టూడియో మాట్లాడాలంటే ఏ ఊరి సంగతి ఎంతసేపు చెప్పగలదు? 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం అప్పటివరకు ప్రైవేటు ఎఫ్ఎం లేని 234 పట్టణాల్లో 730 చానళ్ల వేలానికి అనుమతిచ్చింది. ఆ జాబితాలో శ్రీకాకుళానికి మూడు, విజయనగరానికి మూడు ఉన్నాయి. సంతోషమే. కానీ ప్రైవేటు ఎఫ్ఎంకు సొంతంగా వార్తలు చెప్పే హక్కు లేదు, ఆకాశవాణి వార్తలను మళ్లీ వినిపించడం వరకే అనుమతి. వేలంలో డబ్బు పెట్టినవాళ్లు ప్రకటనల కోసం సినిమా పాటలనే నమ్ముకుంటారు. వాళ్ల నుంచి ఇక్కడి జానపద కళలైన జముకుల కథనో, తప్పెటగుళ్లనో గంటసేపు ఆశించలేం. నెట్‌లో ప్రసారానికి తరంగం వాడరు గనుక ఈ వేలం గొడవ లేదు. పాటల హక్కుల సంగతి మాత్రం ఉంది. హక్కుల చిక్కు వల్లే 2022లో రేడియో గార్డెన్ బ్రిటన్ శ్రోతలకు విదేశీ స్టేషన్లను ఆపేయాల్సి వచ్చింది. ఆ చిక్కు మనకు ఒక రకంగా మేలే చేస్తుంది. సినిమా పాటకు డబ్బు కట్టలేని చిన్న స్టేషన్, కళాకారుడికి చేతనైనంత ఇచ్చి అతని అనుమతితో పల్లె పాటనే రికార్డు చేసుకుంటుంది.

ఇదంతా చేయగల చోట్లు మనకు ఉన్నాయి. విజయనగరంలో 1919లో పెట్టిన మహారాజా సంగీత కళాశాల ఉంది. ఆదిభట్ల నారాయణదాసు మొదటి అధ్యక్షుడిగా, ద్వారం వెంకటస్వామి నాయుడు గురువుగా, ఘంటసాల విద్యార్థిగా నడిచిన గదులవి. ఎచ్చెర్లలో 2008లో వచ్చిన అంబేద్కర్ విశ్వవిద్యాలయం ఉంది. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. విద్యాసంస్థలు సామాజిక రేడియోకు అనుమతి అడగొచ్చు, ఆ అనుమతి వచ్చేలోగా నెట్‌లో మొదలుపెట్టొచ్చు. కావాల్సింది ఒక మైకు, ఒక కంప్యూటరు, చప్పుడు చొరబడని చిన్న గది, రోజూ వచ్చి కూర్చునే నలుగురు పిల్లలు. ఈ రెండు జిల్లాల కళాశాలల్లో చదువు చెప్పేవాళ్లు ఈ వ్యాసం చదువుతుంటే వాళ్లకు నా మనవి ఒక్కటే. రోజుకు ఒక్క గంటతో మొదలుపెట్టండి. సముద్రం మీదికి వెళ్లేవాళ్లకు వాతావరణం చెప్పండి, మార్కెట్లో జీడిపిక్కల ధర చెప్పండి, ఒక జముకుల కథ వినిపించండి, సవర పిల్లల చేత వాళ్ల భాషలో ఒక కథ చెప్పించండి. వెరావల్ రేవులో ఉన్నవాళ్లకు ఫోన్లో ఆ లింకు పంపండి.