కుందేలుకు లేని కొమ్ములు గుట్టల మీద ఉన్నాయి
తవ్వితే తరిగిపోతుంది, తుంచి నాటితే పెరుగుతుంది

లోకంలో లేని వస్తువును కుందేటి కొమ్ముతో పోల్చడం తెలుగువారి వాడుక. కానీ రాయలసీమ గుట్టల్లో మేకలు కాసేవారిని అడిగితే కుందేటి కొమ్ములు ఎక్కడున్నాయో చేయి పట్టుకుని చూపిస్తారు. రాళ్ల సందుల్లో, ముళ్లపొదల చాటున పెరిగే చిన్న మొక్క అది. ఆకులు కనబడవు. నీరు దాచుకున్న పచ్చని కాడలే కొమ్ముల్లా లేచి ఉంటాయి. కొంచెం చేదు, కొంచెం ఉప్పదనం. ఆకలివేళ పశుల కాపరులు పచ్చిగా నమిలేవారు. చింతపండు, మిరపకాయ వేసి పచ్చడి నూరుకునేవారూ ఉన్నారు.

ఈ మొక్కకు శాస్త్రం పెట్టిన పేరు కూడా తెలుగుదే. సామర్లకోటలో మొక్కల తోట పెంచిన విలియం రాక్స్‌బరో, తెలుగువారు దీన్ని 'కారల్లం' అంటారని రాసుకున్నాడు. కోరమాండల్ తీరపు మొక్కలపై 1795లో వెలువడటం ఆరంభించిన తన గ్రంథంలో దీని బొమ్మ వేయించాడు. 1810లో రాబర్ట్ బ్రౌన్ ఆ మాటనే తీసుకుని ఈ ప్రజాతికి 'కారల్లూమా' అని పేరు పెట్టాడు. మన మొక్క పూర్తి పేరు కారల్లూమా అడ్సెండెన్స్. జిల్లేడు కుటుంబానికి చెందినది.

గుర్తుపట్టడం ఎలా?

కాడ వేలెడు లావు, నాలుగు పలకలు. జానెడు నుంచి మూరెడు వరకు పెరిగి, కొసకు పోనుపోను సన్నబడుతుంది. ఆ సన్నని భాగంలోనే ఊదా, పసుపు కలిసిన అయిదు రేకుల చిన్న పూలు ఒంటిగానో జంటగానో పూస్తాయి. పూలన్నీ కొసన బంతిలా గుత్తి కడితే అది దీని దాయాది. కొన్ని చోట్ల దాన్నీ కుందేటి కొమ్ములనే అంటారు. నల్లేరుకూ నాలుగు పలకలే గాని, అది కణుపు కణుపుగా తీగ సాగి పాకుతుంది. అసలు జాగ్రత్త జెముడు విషయంలో. కాడ గిల్లితే తెల్లని పాలు కారితే అది జెముడు. నోట పెట్టరాదు, కంట పడనీయరాదు. కుందేటి కొమ్ముకు పాలు రావు. అయినా బాగా ఎరిగినవారికి చూపకుండా ఏ కాడనూ తినకపోవడమే మంచిది.

ఇప్పుడు దీనికి గిరాకీ వచ్చింది. ఆకలి తగ్గించి ఒళ్లు తగ్గిస్తుందని దీని సారాన్ని మాత్రల రూపంలో దేశవిదేశాల్లో అమ్ముతున్నారు. 2007లో వెలువడిన బెంగళూరు పరిశోధనలో 50 మందిని 60 రోజులపాటు పరిశీలించారు. మందు వాడినవారిలో ఆకలి, నడుము కొలత తగ్గాయి గాని, బరువులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. గిరాకీ మాత్రం ఆగలేదు. గుట్ట మీద దొరికిన మొక్కను వేళ్లతో సహా పెకలిస్తే ఆ చోట మళ్లీ మొలిచేది ఉండదు. గుట్టలను రాతి కోసం తొలిచిన చోట మొక్కకు నిలువ నీడే ఉండదు.

పెంచడం కష్టం కాదు

వేళ్లను కదపకుండా ముదురు కాడను మొదలుకంటా కోయాలి. నాలుగంగుళాల ముక్క చాలు. కోసిన వెంటనే నాటితే కుళ్లుతుంది. వారం రోజులు నీడలో ఉంచితే కోత ఎండి పొర కడుతుంది. ఎర్రమట్టిలో ముతక ఇసుక, సన్న గులకరాళ్లు సమంగా కలిపి, అడుగున చిల్లున్న కుండీలో నాటాలి. నాలుగైదు రోజులు నీరు పోయకూడదు. తరువాత మన్ను పూర్తిగా ఎండినప్పుడే తడపాలి. గుట్ట మీద పొద నీడన పెరిగింది గనుక మిట్టమధ్యాహ్నపు ఎండ నుంచి కొంత చాటు కావాలి. దీన్ని చంపేది ఎండ కాదు, నీరు. కాడ ముడతలు పడితే వేళ్లు చూడాలి. తెల్లని పిండి పురుగు పట్టి ఉంటే కడిగి, ఆరబెట్టి, కొత్త మట్టిలో నాటాలి.

విత్తనంతోనూ పెంచవచ్చు. ఈగలు వాలి పూలు ఫలిస్తే సన్నని జంట కాయలు నిలబడతాయి. అవి పగిలితే జిల్లేడు గింజల్లాగే వీటి గింజలూ దూదితో గాలికి ఎగిరిపోతాయి. కాయ విచ్చకముందే పలుచని గుడ్డ కట్టి గింజలు పట్టుకుని, తాజాగా ఉండగానే ఇసుక మట్టిపై చల్లాలి.

ఒక కాడ తెచ్చుకున్నవారు రెండేళ్లలో పదిమందికి పంచవచ్చు. గుట్ట మీది మొక్కను గుట్ట మీదే ఉండనిచ్చి, పచ్చడికి కావలసింది పెరట్లో పండించుకోవచ్చు.