నికెలు లోహమును మన దేహము గుర్తించు విధము

గిల్టు చెవిపోగులు ధరించిన బాలికలలో కొందఱకు చెవితమ్మెలు ఎఱ్ఱబాఱి, దురదపుట్టి, నీరు కాఱుట చదువరులు చూచియే యుందురు. నాడు తిన్న వంకాయకూరపై నేరము మోపుట మన యిండ్లలో వాడుక. పెక్కుసారులు దోషము కూరది కాదు. పోగుపై నున్న మెఱుగుపూతకు అడుగుననుండు నికెలుది.

చెమట తగిలినప్పుడు నికెలు కొంచెము కొంచెముగా కరగి, అయానులను విద్యుత్కణములై చర్మములోనికి దిగును. అచ్చట రక్షకకణములు కావలి కాయుచుండును. ప్రతికణమును చుట్టి పలుచని క్రొవ్వుపొర యొకటి కలదు. ఆ పొరలో కొన్ని మాంసకృత్తులు ఒక కొన వెలుపలికిని, ఒక కొన లోపలికిని ఉండునట్లు గ్రుచ్చబడియున్నవి. వీనికి గ్రాహకములని పేరు. వానిలో టి. ఎల్. ఆర్. 4 అనునది కొన్ని సూక్ష్మజీవుల పైపొరలోని క్రొవ్వుపదార్థమును పసికట్టును. ఈ సంగతిని 1998లో వెల్లడించిన బ్రూస్ బ్యూట్లర్ గారికి 2011లో నోబెల్ బహుమానమున భాగము లభించినది.

నికెలు సూక్ష్మజీవి కాదు గదా! అంత చిన్న అయాను ఇంత పెద్ద గ్రాహకమును ఎట్లు కదలించును? మాంసకృత్తు అనగా ఎమినో ఆమ్లములను పూసలతో గ్రుచ్చిన దండవంటిది. మానవుల టి. ఎల్. ఆర్. 4 దండలో 456వ పూసయు, 458వ పూసయు హిస్టిడీనులు. హిస్టిడీను నికెలును గట్టిగా పట్టుకొను స్వభావము గలది. ప్రయోగశాలలలో మాంసకృత్తులను శుద్ధిచేయువారు ఈ గుణమునే వాడుకొనుచున్నారు. నికెలు చిక్కుకొనగానే గ్రాహకములు రెండేసి జతగూడును. సూక్ష్మజీవి వచ్చినప్పుడును జరుగునది ఇదియే గనుక, కణము భేదమెఱుగక మోసపోవును.

చిట్టెలుకల గ్రాహకములో ఆ తావున ఈ హిస్టిడీనులు లేవు. అందుచే నికెలు మాత్రమే తగిలినచో వాని చర్మము సాధారణముగా రేగదు. 2010లో జర్మనీ పరిశోధకులు చిట్టెలుకలలో వాని గ్రాహకమును తొలగించి మానవగ్రాహకమును పెట్టగా, వానికిని నికెలు పడకపోయెను. ఇంతకంటె స్పష్టమైన సాక్ష్యము వేరొకటి కావలయునా?

జతగూడిన గ్రాహకము లోపలికొన వార్తను అందించును. అంతవఱకు కట్టుబడియుండిన ఎన్. ఎఫ్. కప్పా బి యను మాంసకృత్తు విడుదలయై, కణకేంద్రమున ప్రవేశించి, జన్యువులను మేల్కొలుపును. కణము హెచ్చరికపదార్థములను వెలువరించును. కొన్ని రక్షకకణములు లింఫు గ్రంథులకు పోయి, అచ్చటి టి-కణములకు నికెలును పరిచయము చేయును. టి-కణములు దానిని ఏండ్ల తరబడి మఱవవు. మరల పోగు పెట్టిన ఒకటి రెండు దినములకు గాని పొక్కులు లేవవు. ఆదివారము పెట్టిన పోగునకు మంగళవారము దురద వచ్చినచో, పోగును అనుమానించువా రెవరు? పాపము, కూరయే దొరకును.

యూరపు ఖండమున 1994లో ఏర్పడిన నియమముచే, చర్మమున కంటియుండు వస్తువు చదరపు సెంటీమీటరునకు వారమునకు 0.5 మైక్రోగ్రాములకు మించి నికెలును విడువరాదు. మన పోగును మనమే పరీక్షింపవచ్చును. 1905లో రష్యా రసాయనశాస్త్రజ్ఞుడు చుగాయెవ్ తెలిపిన డైమిథైల్ గ్లయాక్సిమ్ ద్రావకమును, అమ్మోనియాను ఒక్కొక్క చుక్క దూదిపై వేసి, ఉపాధ్యాయుని యెదుట పోగును రుద్దవలెను. నికెలు విడుచునదైనచో దూది గులాబిరంగు దాల్చును.