గుర్రం రక్తం చెప్పే కబురు

కొల్లేరు చుట్టూ వరిచేలు. చేలల్లో నీరు. నీటిలో దోమలు. ఊళ్లో పందులు, చెరువులో కొంగలు. ఏలూరైనా, తాడేపల్లిగూడెమైనా, మెదడువాపు జ్వరమంటే తల్లికి గుండె దడ.

ఈ జ్వరం వైరస్ వల్ల వస్తుంది. వైరస్ కంటికి కనపడదు. పందుల్లో, కొంగల్లో పెరుగుతుంది. వాటిని కుట్టిన దోమ మనల్ని కుడితే మనకొస్తుంది. గుర్రానికీ అలాగే వస్తుంది. మన దేశంలో ఈ జబ్బును మనుషుల్లో మొదట 1955లో రాయవేలూరులో గుర్తించారు.

వైరస్ సోకితే గుర్రం ఒంట్లో దానితో పోరాడే పదార్థాలు పుడతాయి. వాటిని ప్రతిరక్షకాలు అంటారు. జబ్బు తగ్గినా అవి రక్తంలో ఉంటాయి. హర్యానాలోని హిసార్‌లో గుర్రాల పరిశోధన కేంద్రం ఉంది. అక్కడ రక్తం పరీక్షించి వాటిని కనిపెడతారు. టీకా వేయని గుర్రంలో అవి ఉంటే ఏమిటర్థం? రోగం మోసే దోమ దాన్ని కుట్టిందని. అలాంటి దోమ పిల్లల్నీ కుట్టవచ్చు!

గుర్రం నుంచి మనకు జబ్బు రాదు. దాన్ని తరమక్కర్లేదు. దోమనే ఆపాలి. పొద్దుగూకగానే దోమతెర కట్టాలి. పందుల దొడ్డి ఇళ్లకు దూరంగా ఉండాలి. ఈ టీకా ఇచ్చే జిల్లాల్లో 9 నెలలు నిండాక ఒకసారి, 16-24 నెలల మధ్య మరోసారి బిడ్డకు వేయించాలి.

జ్వరంతో బిడ్డకు ఫిట్స్ వచ్చినా, మత్తుగా పడివున్నా మంత్రాలు, పసర్లు వద్దమ్మా. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.