నూనెబొట్టును వదలని పెద్ద అణువు

ఒంటికి రాసుకునే మామూలు లోషన్లో ఎక్కువ భాగం నీళ్లే. మిగతాదానిలో చాలావరకు నూనెలు, మైనాలు. ఈ రెండూ వాటంతట అవి కలిసి ఉండవు. గట్టిగా చిలికితే నూనె సన్నని బొట్లుగా చెదురుతుంది. చిలకడం ఆపితే ఆ బొట్లు ఒకదానిలో ఒకటి కలిసిపోయి పైకి తేలతాయి. రెండో శతాబ్దపు వైద్యుడు గేలెన్ పేరుతో ప్రసిద్ధమైన తేనెమైనం, ఆలివ్ నూనె, గులాబీ నీళ్ల కోల్డ్ క్రీముకూ ఇదే చిక్కు. చాలాకాలం తర్వాత అందులో బోరాక్స్ కలపడం మొదలైంది. అది మైనంలోని ఆమ్లాలతో చేరి సబ్బుగా మారి, మిశ్రమం విరగకుండా ఆపింది. 1911లో జర్మనీలో వచ్చిన నివియా క్రీమును నిలబెట్టింది గొర్రె ఉన్ని మైనం నుంచి తీసిన యూసెరిట్. నూనెకూ నీటికీ మధ్య నిలిచే ఇలాంటి పదార్థమే ఎమల్సిఫయర్. దాన్ని సహజమా, కృత్రిమమా అని విడదీసి చూడటం మనకు అలవాటైంది. అంతకంటే పనికొచ్చే ప్రశ్నలు రెండున్నాయి. అది ఎంత కావాలి? పని ముగిశాక ఎక్కడికి చేరుతుంది? ఈ రెండు ప్రశ్నలతో తూచితే, పాలిమర్ సర్ఫాక్టెంట్లు అనే పెద్ద అణువుల ఎమల్సిఫయర్లు చర్మం విషయంలో ముందంజలో ఉన్నాయి. నీటి విషయంలో మాత్రం అవి ఇంకా నెగ్గలేదు.

మామూలు సర్ఫాక్టెంట్ అణువు చాలా చిన్నది. దాని ఒక కొసకు నీరంటే ఇష్టం, రెండో కొసకు నూనె అంటే ఇష్టం. షాంపూల్లో కనిపించే సోడియం లారిల్ సల్ఫేట్ అణుభారం 288 మాత్రమే. ఇలాంటి అణువు నూనెబొట్టు అంచున కాసేపు నిలుస్తుంది, వదిలి నీటిలోకి పోతుంది, మళ్లీ వస్తుంది. ఈ రాకపోకలకు సరిపడా నిల్వ ఉండాలి కాబట్టి, క్రీముల్లో వీటిని సాధారణంగా మూడు నుంచి ఏడు శాతం దాకా వాడతారు. పాలిమర్ అణువు వేల, లక్షల అణుభారం ఉన్న పొడవాటి గొలుసు. దానికి నూనెను పట్టుకునే చోట్లు అనేకం. ఒకచోట పట్టు సడలినా మిగిలినచోట్ల అది అంటుకునే ఉంటుంది. ఒక్క పిన్నీసుతో నిలిపిన గుడ్డకూ, అంచు పొడవునా కుట్టిన గుడ్డకూ ఉన్న తేడా ఇది. గొలుసులోని నీటిని కోరే భాగాలు బొట్టు చుట్టూ బయటికి చాచుకుని మందమైన పొరగా ఏర్పడతాయి. రెండు బొట్లు దగ్గరకొచ్చినప్పుడు ఆ పొరలు ఇరుకున పడతాయి, నలిగిన గొలుసులు తిరిగి విచ్చుకోవాలని చూస్తాయి. ఆ ఒత్తిడే బొట్లను దూరంగా ఉంచుతుంది.

అమెరికాలో బీఎఫ్ గుడ్‌రిచ్ సంస్థ తెచ్చిన పెమ్యులెన్ దీనికి మంచి ఉదాహరణ. లేబుల్ మీద దాని పేరు అక్రిలేట్స్/సీ10-30 ఆల్కైల్ అక్రిలేట్ క్రాస్‌పాలిమర్. క్షారం కలిపితే నీటిలో ఉబ్బి జెల్ అవుతుంది. దానిలోని కొవ్వు తోకలు నూనెబొట్టులో నాటుకుంటాయి. సాధారణంగా అర శాతం లోపే సరిపోతుంది. దీని అసలు ప్రతిభ రాసుకున్నాక తెలుస్తుంది. చర్మం మీది లవణాలు తగలగానే జెల్ కుంచించుకుపోయి నూనెను వదిలేస్తుంది, నూనె చర్మం మీద పలచని పొరగా పరుచుకుంటుంది. చిన్న సర్ఫాక్టెంట్ ఎక్కువగా ఉన్న సన్‌స్క్రీన్‌లో చెమట పట్టినా, నీళ్లు పడినా నూనె మళ్లీ నీటిలో కలిసి కొట్టుకుపోయే వీలుంది. ఇక్కడ ఆ ముప్పు తక్కువ.

చర్మానికి దీనివల్ల మేలేమిటన్నది న్యాయమైన ప్రశ్నే. చర్మం పైపొరలోని కొవ్వులనూ ప్రొటీన్లనూ చిన్న సర్ఫాక్టెంట్లు చెదరగొట్టగలవు. చర్మపరీక్షల్లో మంటను కావాలని పుట్టించడానికి ప్రామాణికంగా వాడేది సోడియం లారిల్ సల్ఫేట్‌నే. ఎగ్జిమా ఉన్న పిల్లలకు ఆక్వియస్ క్రీము మంట, దురద కలిగించవచ్చని 2013లో బ్రిటన్ మందుల నియంత్రణ సంస్థ హెచ్చరించింది. ఆ క్రీములోనూ ఈ పదార్థం ఉండేది. మరోవైపు, అణుభారం 500 డాల్టన్లు దాటిన అణువులు ఆరోగ్యకరమైన చర్మాన్ని దాటి లోపలికి పోవడం కష్టమని 2000లో బోస్, మైనార్డి అనే పరిశోధకులు వివరించారు. పాలిమర్లు ఆ హద్దుకు ఎంతో పైన ఉన్నాయి. పైగా వాడే మోతాదు చిన్న సర్ఫాక్టెంట్ల మోతాదులో పదోవంతుకు దగ్గర.

అయితే అణువు పెద్దదైనంత మాత్రాన క్రీము నిర్దోషి అయిపోదు. తయారీలో మిగిలిపోయిన చిన్న పదార్థాలకు ఆ హద్దు వర్తించదు. పెమ్యులెన్ కుటుంబానికే చెందిన కార్బోమర్లలో కొన్నింటిని బెంజీన్ ద్రావణిలో తయారుచేసేవారు. బెంజీన్ క్యాన్సర్ కారకం. అలాంటి కార్బోమర్లున్న మందులను మార్చుకోవడంపై అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2023 డిసెంబరులో తయారీదారులకు మార్గదర్శకాలు ఇచ్చింది. కాబట్టి పాలిమర్ పేరుతో పాటు దాన్ని ఏ ద్రావణిలో చేశారో కూడా ముఖ్యమే. పనితనానికీ పరిమితులున్నాయి. లవణాలు ఎక్కువున్న ఫార్ములాలో పెమ్యులెన్ జెల్ సీసాలోనే కూలిపోతుంది. అతివేగంగా చిలికితే గొలుసులు తెగుతాయి.

బరువైన అభ్యంతరం నీటి గురించి. ఈ అక్రిలేట్ల వెన్నెముక కార్బన్-కార్బన్ బంధాలతో అల్లినది. సూక్ష్మజీవులు దాన్ని తేలిగ్గా తెంచలేవు. స్నానం చేసినప్పుడు అది కాలువ దారి పడుతుంది. యూరోపియన్ యూనియన్ 2023లో కృత్రిమ పాలిమర్ సూక్ష్మకణాలపై ఆంక్షలు తెచ్చి, నీటిలో కరిగే పాలిమర్లకూ జీవక్రియలో విచ్ఛిన్నమయ్యేవాటికీ మినహాయింపు ఇచ్చింది. కణంగా కనిపించనంత మాత్రాన కరిగిన పాలిమర్ మాయమైపోదు. వాడేది అర శాతమే కదా అని ఊరుకోవడమూ సరికాదు. కోట్లమంది రోజూ కడిగేసే అర శాతం అది.

అలాగని పాత సహజ జిగురులకు మళ్లిపోవడం కూడా జవాబు కాదు. తుమ్మజాతి చెట్ల గమ్ అరబిక్ నిజానికి ప్రకృతి చేసిన పాలిమర్ సర్ఫాక్టెంటే. దానిలోని ప్రొటీన్ నూనెలో నాటుకుంటే, చక్కెర గొలుసులు నీటిలోకి చాచుకుంటాయి. కానీ ప్రొటీన్ మోసే భాగం పదోవంతు వరకే ఉంటుంది. అందుకే నూనెకు దాదాపు సమాన బరువులో జిగురు పోయాల్సి వస్తుంది. మేలైన దారి ఈ రెండింటి మధ్య ఉంది. కాఫీపొడిలో కలిపే చికోరీ వేరు నుంచి ఇన్యులిన్ తీసి, ఆ చక్కెర గొలుసుకు కొవ్వు తోకలు తగిలించి బెల్జియంలో ఒక ఎమల్సిఫయర్ చేశారు. అది అనేక చోట్ల నూనెను పట్టుకుంటుంది, లవణాలనూ తట్టుకుంటుంది. దాని వెన్నెముక మొక్కల చక్కెర గొలుసే.

క్రీము కొనేవారు అడగాల్సినవీ ఆ రెండు ప్రశ్నలే: ఎంత, ఎక్కడికి. మన దేశంలో ఒక శాతానికి మించిన పదార్థాలను లేబుల్ మీద పరిమాణం తగ్గే వరుసలో రాయాలి. మిగిలినవి వాటి తర్వాత ఏ క్రమంలోనైనా రావచ్చు. పాలిమర్ పేరు చివర్లో కనిపించడం తక్కువ మోతాదుకు సూచన. అది నీటిలో ఎంతకాలంలో విచ్ఛిన్నమవుతుందో మాత్రం లేబుల్ చెప్పదు. ఆ వివరం వెల్లడించాలని తయారీదారులను నిలదీయడం మన హక్కు. క్రీము సీసాలో నెలల తరబడి విరగకుండా నిలవాలి, అదే పదార్థం నీటిలో త్వరగా విచ్ఛిన్నం కావాలి. ఈ రెంటినీ ఒకే అణువులో సాధించడమే ఈ రంగంలోని రసాయన శాస్త్రవేత్తల ముందున్న అసలు పని.