పాత కారులో బ్రేకు ఆయిలు కారుట: దాని జాడ తీయు విధము



మన పల్లెలలో నేటికిని పాత అంబాసిడరు కార్లును, పద్మినీ కార్లును అక్కడక్కడ కానవచ్చుచున్నవి. అంబాసిడరు బెంగాలు దేశమునందలి ఉత్తరపారాలో తయారగుచుండెడిది. 2014వ సంవత్సరమున దాని నిర్మాణము నిలిచిపోయినది. పద్మిని నిర్మాణము అంతకు పూర్వమే నిలిచినది. నిర్మాణము నిలిచినను బండ్లు నిలువలేదు. పెండ్లికూతును అత్తవారింటికి సాగనంపుటకును, నొప్పులు వచ్చిన ఇల్లాలిని అర్ధరాత్రివేళ ఆసుపత్రికి చేర్చుటకును కొన్ని యిండ్లలో ఇవియే ఆధారము. అట్టి బండి వాకిట నిలిచినపుడు, అది బయలుదేరవచ్చునా కూడదా యని తుదిమాట చెప్పువారు ఇంటి పెద్దలు. బండి తోలుట రానివారైనను ఆ మాట తెలిసి చెప్పుటకు కావలసిన జ్ఞానము కష్టసాధ్యమైనది కాదు. బ్రేకు ఆయిలు కారుట యను నొక్క లోపమును గూర్చి, దానిని కనిపెట్టు విధమును గూర్చి నేడు ముచ్చటింతును.

ముందుగా బ్రేకు పనిచేయు తీరు తెలియవలెను. మూతిని వ్రేలితో మూసి పిచికారిని నొక్కినచో లోపలి నీరు నలుదిక్కుల ఒకే బలముతో త్రోయును. మూసిన పాత్రలోని ద్రవముపై కలిగించిన ఒత్తిడి అన్నివైపులకును సమానముగా ప్రసరించునను ఈ సూత్రమును ఫ్రెంచి విద్వాంసుడగు బ్లేజ్ పాస్కల్ 17వ శతాబ్దమున నిరూపించెను. బ్రేకుకు మూలమిదియే. డ్రైవరు పాదముతో పెడలు నొక్కగా మాస్టరు సిలిండరు అను పాత్రలోని ద్రవము సన్నని ఉక్కు గొట్టముల గుండ ఒత్తిడిని నాలుగు చక్రములకు చేర్చును. ప్రతి చక్రము లోపల వీలు సిలిండరు అను చిన్న పిచికారి యుండును. అది బ్రేకు షూలను ఇరువైపులకు నెట్టగా, వానికి అంటించిన లైనింగులు తిరుగుచున్న డ్రమ్మును ఒరసికొని చక్రమును ఆపును. నాలుగు చక్రములకును ఇట్టి బ్రేకులు గల కారు 1921వ సంవత్సరమున అమెరికాలో డ్యూసెన్‌బర్గ్ అను పేర మొదట విక్రయమునకు వచ్చినది.

ఇందు గమనింపవలసిన ముఖ్యాంశ మొకటి కలదు. ఇప్పటి కార్లలో ఈ ద్రవమార్గము రెండు భాగములుగా నుండును; ఒకటి చెడినను రెండవది కొంత ఆపును. తొలికాలపు కార్లలో పెక్కింటికి మార్గమొక్కటే. చెరువుకట్టకు ఒక్కచోట గండి పడినచో నీరెల్ల ఆ గండిననే పోవునుగాని తూములకు రాదు. అటులనే ఒక్క చక్రమువద్ద వాషరు చిరిగినను నాలుగు చక్రముల బ్రేకులును ఒక్కసారిగా పోవచ్చును. కనుకనే ఈ కార్లలో చిన్న చెమ్మను సైతము చిన్నదిగా నెంచరాదు.

ఇక ఆ ద్రవమును గూర్చి. మనమందరమును దానిని బ్రేకు ఆయిలు అందుము. పేరు ఆయిలేగాని గుణము ఆయిలుది కాదు. పూర్వము దీనిని ఆముదమును, సారాయి జాతి ద్రవములను కలిపి చేసెడివారు. మన మెట్టచేలలో పండు ఆముదపుగింజకు మోటారు బండితో అట్టి సంబంధ ముండెను. నేడు వాడుక యందున్నది గ్లైకాల్ జాతి రసాయనము. ఇది నీటిలో కరగును. అంతియకాదు, వానకాలమున ఉప్పు చెమ్మగిల్లినట్లు గాలిలోని తేమను పీల్చుకొనును. డాట్ 3 అను రకము క్రొత్తదిగా నున్నపుడు కనీసము 205 డిగ్రీల సెంటీగ్రేడు వేడికిగాని మరగరాదని నియమము. తేమ పీల్చిన పిమ్మట ఆ మితి 140 డిగ్రీలకు దిగును. డాట్ 4 అను రకమునకు ఈ మితులు 230, 155 డిగ్రీలు. ఇంజను ఆయిలునుగాని, మరి యే నూనెనుగాని బ్రేకు పాత్రలో పోసినచో లోపలి రబ్బరు వాషరులు ఉబ్బి మెత్తబడి పాడగును. "ఆయిలు తగ్గినది, ఆయిలు పోయుము" అను మాట ఇట్లు ప్రమాదమునకు దారితీయగలదు. ఏ ఆయిలో స్పష్టముగా చెప్పవలెను.

లోపము తన రాకను ముందుగనే తెలుపును. మొదటి గుర్తు, పాత్రలోని మట్టము తగ్గుట. డిస్కు బ్రేకులు గల బండ్లలో ప్యాడ్లు అరిగినకొలది మట్టము నెలల తరబడి కొద్దికొద్దిగా దిగుట సహజము. నాలుగు చక్రములకును డ్రమ్ములేగల పాతబండిలో, షూలను ఎప్పటికప్పుడు బిగించుచున్నంతకాలము, మట్టము అట్లు దిగుటకు కారణములేదు. మాటిమాటికి పోయవలసి వచ్చుచున్నచో ఎక్కడనో కారుచున్నదని నిశ్చయింపవచ్చును. రెండవ గుర్తు, పెడలు నిలువకుండుట. బండిని సమతలమున నిలిపి పెడలును గట్టిగా నొక్కి, ఒక నిమిషము అటులనే పట్టియుండవలెను. పాదము క్రింద అది మెల్లమెల్లగా నేలకు దిగిపోవుచున్నచో ద్రవము ఎటో తప్పించుకొనుచున్నది. బూస్టరు గల బండిలో ఇంజను ప్రారంభింపగానే పెడలు కొంచెము దిగును. అది లోపము కాదు. మూడవ గుర్తు, బ్రేకు వేసినపుడు బండి ఒక ప్రక్కకు లాగుట. ముందుచక్రములలో ఒకదాని లైనింగు తడిసి పట్టు తప్పగా, బండి సాధారణముగా రెండవ చక్రమువైపునకు లాగును. నాల్గవ గుర్తు, చక్రము లోపలి ప్రక్కనో, టైరుపైననో, నిలిపిన చోట నేలమీదనో తడి కనబడుట.

ఇందు పొరపడుటకు అవకాశము కలదు. ఒకసారి నొక్కిన లోతుగా పోయి, వెంటనే రెండవసారి నొక్కగా పైననే గట్టిగా నిలుచు పెడలు తరచుగా షూల అరుగుదలను, బిగింపు లేమిని తెలుపును. స్పంజివలె మెత్తగా నుండు పెడలు గొట్టములలో గాలి చేరినదని తెలుపును. ఆ గాలి కారుటవలననే చేరియుండవచ్చును గనుక అప్పుడును వెదకవలసినదే. తిరుమల, శ్రీశైలము వంటి ఘాటు దారులలో దిగునపుడు విడువక బ్రేకు నొక్కగా పెడలు హఠాత్తుగా నేలకు పోయి, కొంతసేపు చల్లారిన పిమ్మట మరల మామూలుగా నిలిచినచో, అది కారుట కాకపోవచ్చును. తేమ పట్టిన పాతద్రవము మరగి ఆవిరియైనది. ద్రవము నొత్తినట్లు ఆవిరి నొత్తి బలము పుట్టింపజాలము.

నేలమీది తడి యేదో తెలిసికొనుట రెండవ మెట్టు. తడిని వ్రేలితోగాక తెల్లకాగితముతో అద్దవలెను. ఇంజను ఆయిలు నల్లగానో గోధుమవన్నెగానో యుండును. గేరు ఆయిలు చిక్కగా నుండి ఘాటైన వాసన కొట్టును. పెట్రోలు చూచుచుండగనే యెగిరిపోవును. బ్రేకు ద్రవము నీరువలె స్వచ్ఛముగానో, లేత తేనెవన్నెగానో యుండి జారుడుగా తోచును, పాతబడినకొలది నల్లబడును. సందేహము తీరకున్నచో ఆ కాగితపు ముక్కను గిన్నెడు నీటిలో జాడింపవలెను. నూనెలు పైన తేలి రంగురంగుల పొర కట్టును. బ్రేకు ద్రవము నీటిలో కలిసిపోవును. వెనుకచక్రముల విషయమున ఈ పరీక్ష మిక్కిలి ఉపయోగకరము. అచ్చట ఇరుసు సీలు చెడి గేరు ఆయిలు కారినను డ్రమ్ము తడియును. తడి ఒకటే యైనను మందు వేరు. ఈ ద్రవము విషము. పిల్లలకును పశువులకును అందనీయరాదు; చేతికంటిన నీటితో కడుగవలెను; బండి రంగుపై పడిన వెంటనే నీరు పోయవలెను, లేకున్న రంగు ఊడును.

ఇక జాడ తీయుట. మట్టిపట్టిన చోట తడి ఎక్కడ పుట్టినదో తెలియదు. కావున మొదట గొట్టముల అతుకులను, చక్రముల లోపలి ప్రక్కలను శుభ్రముగా తుడిచి ఆరనీయవలెను. పాత్రను మితివరకు నింపి, మాస్టరు సిలిండరు క్రిందను నాలుగు చక్రముల క్రిందను పాత అట్టలు పరచి, రాత్రియంతయు బండిని కదల్పక నిలుపవలెను. ఉదయమున ఏ అట్ట తడిసెనో చూడవలెను. ఏదియు తడియకున్నచో ఒకరు లోన కూర్చుండి పెడలు నొక్కిపట్టగా, మరియొకరు వెలుపలినుండి దీపముతో చూడవలెను. నొక్కినపుడే కారు లోపములు పెక్కు కలవు. ఒక్క హెచ్చరిక: జాకీపై మాత్రమే నిలిచిన బండి క్రిందికి ఎవ్వరును దూరరాదు. బలమైన దిమ్మెలు అమర్చి, నేలనున్న చక్రములకు అడ్డురాళ్లు వేసిన పిమ్మటనే ఆ పని చేయవలెను.

చూడవలసిన తావులు నాలుగు. మొదటిది మాస్టరు సిలిండరు. దాని వెనుక వాషరు చెడినచో పెడలు కడ్డీ యున్న రబ్బరు బూటునుండి ద్రవము వెలువడును. కొన్ని పాత కార్లలో ఈ సిలిండరు డ్రైవరు పాదముల క్రింద నేలలోనే యుండును గనుక చాప యెత్తి చూడవలెను. రెండవది ఉక్కు గొట్టములు. ఇవి బురద నిలుచుచోటను, క్లిప్పులు పట్టుచోటను త్రుప్పు తినును. మూడవది రబ్బరు హోసులు. ముందుచక్రములను రెండు ప్రక్కలకును పూర్తిగా త్రిప్పి, హోసు టైరునకు ఒరయుచున్నదేమో, పగుళ్లు వారినదేమో, నొక్కునపుడు ఉబ్బుచున్నదేమో చూడవలెను. నాల్గవది వీలు సిలిండరు. డ్రమ్ము తీసి, సిలిండరు కొనలనున్న రబ్బరు బూట్లను మెల్లగా ఎత్తి చూడవలెను. లోపల ద్రవము నిలిచియున్నచో వాషరు చెడినట్లే. డ్రమ్ములోని దుమ్మును ఊదరాదు. పాతలైనింగులలో ఆస్బెస్టాస్ అను నారరాయి యుండును. దాని దుమ్ము ఊపిరితిత్తులకు ప్రాణాంతకమైన వ్యాధులు కలిగించును. తడిగుడ్డతో తుడువవలెను.

ఇన్నిచోట్ల వెదకినను తడి కానరాక, మట్టము తగ్గక, పెడలు మాత్రము దిగుచున్నచో కారుట లోలోపలనే జరుగుచున్నది. మాస్టరు సిలిండరులోని ప్రధాన వాషరు అరిగి, ఒత్తిడి కలిగిన ద్రవమును మరల పాత్రలోనికే పోనిచ్చుచున్నది. దీనిని నిర్ణయించుటకు మెకానిక్కు సిలిండరునుండి పోవు గొట్టమును విప్పి, ఆ రంధ్రమును తగిన మరతో బిగించి, లోపలి గాలిని తీసి పెడలు నొక్కి చూచును. పెడలు రాయివలె నిలిచినచో సిలిండరు మంచిది, లోపము దూరమున నున్నది. అప్పుడును దిగినచో లోపము సిలిండరుదే. బూస్టరు గల బండిలో వెలుపల తడిలేకయే మట్టము తగ్గుచున్నచో, ద్రవము బూస్టరులోనికి పోయి ఇంజనుచే పీల్చబడుచుండవచ్చును. పొగగొట్టమున తెల్లని పొగ దానికి సాక్షి. క్లచ్చు కూడ ఇదే ద్రవముతో నడచు బండ్లలో దాని గొట్టములను సైతము పరీక్షింపవలెను.

లోపము తెలిసిన పిమ్మట దానిని సరిగా బాగుచేయించవలెను. పెట్రోలు ట్యాంకు కారినపుడు సబ్బు అద్ది ఊరు చేరుట మనవారికి అలవాటు. బ్రేకు గొట్టమునకు ఆ ఉపాయము పనికిరాదు. గట్టిగా నొక్కిన వేళ అందలి ఒత్తిడి సబ్బును, టేపును, టంకమును లెక్కసేయదు. త్రుప్పు తినిన గొట్టమును మార్చవలెను. సిలిండరు లోపలిగోడ గుంటలు పడియున్నచో క్రొత్త వాషరులు వేసినను కొలదిదినములలో మరల కారును. సిలిండరునే మార్చుట మేలు. తడిసిన లైనింగు కడిగినను బాగుపడదు. దానిని, దాని ఎదుటి చక్రపు లైనింగును జతగా మార్చవలెను. పిదప గొట్టములలోని గాలి తీయవలెను. సీసాలోనికి తీసిన ద్రవమును మరల పాత్రలో పోయరాదు. లోపము లేకున్నను రెండేండ్ల కొకసారి ద్రవమును పూర్తిగా మార్చుట మంచిది. మూత తీసి చాలకాలముంచిన డబ్బాలోనిదానిని వాడరాదు.

దారిలో బ్రేకు పోయినచో డ్రైవరు పెడలును వెంటవెంటనే పలుమారులు నొక్కవలెను. కొన్నిసార్లు కొంత పట్టు దొరకును. గేరును ఒక్కొక్కటిగా తగ్గించుచు, హ్యాండు బ్రేకును క్రమముగా బిగింపవలెను. ఆ బ్రేకు తీగతో పనిచేయునుగాని ద్రవముతో గాదు. కనుక అది మిగిలియుండును. ఇంజనును ఆపివేయరాదు. ఇది ప్రాణము దక్కించుకొను ఉపాయమేగాని, హ్యాండు బ్రేకును నమ్మి ఊరు చేరవచ్చునని అర్థము కాదు.

కావున ప్రయాణమునకు ముందు పెద్దలు మూడు ప్రశ్నలు వేయుదురుగాక: పాత్రలో మట్టమెంత? నిమిషము నొక్కిపట్టినచో పెడలు నిలిచెనా? రాత్రి బండి నిలిపినచోట తడి యున్నదా? మూడింటికి అయిదు నిమిషములు చాలును. ఒక్కదానికి సరియైన బదులు రాకున్నను "ఈ పూటకు పోనిండు, వచ్చిన తరువాత చూతము" అను మాటకు ఒప్పుకొనకుడు. ముహూర్తము దాటునని యెవరైన తొందరపెట్టిన, వేరు బండి పిలిపింపుడు. ఆసుపత్రికి పోవలసిన పని యైనచో 108కి కబురు చేయుడు. కదలని బండి యేమియు చేయదు. కదిలి ఆగని బండివలననే కీడు.